ట్యూబు మీది మాటలు ఎవరికి అర్థం కావాలి?

సాయంత్రం ఆరు దాటిందంటే అశోక్ నగర్ సందుల్లో నడవడానికి చోటుండదు. స్టడీ హాళ్ళ నుంచి, సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి బయటపడిన ఆడపిల్లలు కొందరు బజ్జీల బండి దగ్గర, కొందరు జిరాక్సు షాపు దగ్గర, మరికొందరు మందుల షాపు ముందు నిలబడి ఉంటారు. ఆ మందుల షాపు ముందు వినిపించే మాటలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

"అన్నా, ముఖానికి రాసుకునే క్రీమ్ ఉంటది గదా, గదియ్యి."

"ఏ క్రీమమ్మా?"

"పేరు యాదికి లేదన్నా. మొన్న మా రూమ్మేట్ తీస్కపోయింది. ఎర్ర డబ్బాది."

ఎర్ర డబ్బా వచ్చేస్తుంది. చీటీ అడిగేవాళ్ళు లేరు, చూపించేవాళ్ళూ లేరు. డబ్బా మీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మందుల పేర్లుంటాయి. కొన్న అమ్మాయి రాజ్యాంగంలో ఏ అధికరణం దేని గురించో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. 'మినమాటా ఒప్పందం దేనికి సంబంధించినది?' అని పరీక్షలో వస్తే, పాదరసం అని ఠక్కున గుర్తు పెట్టేస్తుంది. కానీ తన ముఖానికి రాసుకుంటున్న క్రీములో ఏముందో మాత్రం తెలియదు. తప్పు ఆ అమ్మాయిది కానే కాదు. ఆమెకు తెలిసే భాషలో దాని మీద ఒక్క ముక్క కూడా లేదు మరి!

చర్మం గురించి, అలంకరణ గురించి మన దగ్గర మాటలు లేవా అంటే, బోలెడున్నాయి. ముక్కుకి అటూ ఇటూ బుగ్గల మీద గోధుమరంగులో వచ్చేది మంగు. మెడమీద, వీపుమీద పొలుసుగా తెల్లమచ్చలొస్తే శోభి. గుండ్రంగా అంచు కట్టి దురద పెట్టేది తామర. రాత్రికి రాత్రి లేచి తెల్లారేసరికి పోయేవి దద్దుర్లు. ఎండకు చర్మం కందుతుంది, దెబ్బకు కములుతుంది, చలికి పగులుతుంది, చెమటకు పేలుతుంది. ఏ అమ్మమ్మనడిగినా ఇవన్నీ చెబుతుంది. ఇవి నోటి మాటలే కావచ్చుగానీ, ఒక్కొక్కటీ ఒక్కో వేరే ఇబ్బందిని పట్టిచ్చే మాట. ఇప్పుడేమైంది? ఇవన్నీ పోయి 'పిగ్మెంటేషన్' అనో 'టాన్' అనో ఒక్క మాట మిగిలింది. మంగుకూ అదే, మొటిమ మచ్చకూ అదే, ఎండకు నల్లబడిన చేతికీ అదే. రోగాలన్నిటికీ ఒకే పేరు పెట్టుకుంటే, అన్నిటికీ ఒకే ట్యూబు అమ్మేవాడికి అంతకన్నా సులువేముంది!

ఇలా చెప్పినంత మాత్రాన పాతదంతా బంగారమని కాదు. సున్నిపిండి అనగానే అందులో పెసలో, సెనగలో, కాస్త పసుపో ఉంటాయని తెలుస్తుంది, నిజమే. కానీ వీధి నాటకాలవాళ్ళు ముఖాలకు పూసుకున్న అర్దళం ఏమిటనుకున్నారు? ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. మన హైదరాబాదులో కళ్ళకు పెట్టే సుర్మాలో కొన్ని రకాలు అచ్చంగా సీసపు ఖనిజం నూరినవే. సీసం, ఆర్సెనిక్ కలిసిన రంగులు అలంకరణ సామగ్రిలో వాడకూడదని మన చట్టం చెబుతున్నది ఊరికే కాదు. పేరు అచ్చతెలుగైనంత మాత్రాన వస్తువు మంచిదైపోదు.

ఇక చాయ సంగతి. తెలుగులో తెల్లగా ఉన్న మనిషిని ఎర్రగా ఉందంటాం. పసిమి చాయ అంటాం, పచ్చగా ఉందంటాం. నలుపని అనలేక చామనచాయ అంటాం. పెళ్ళి ప్రకటనల్లో ఈ మాటకున్న బరువు ఆడపిల్లల తల్లులకు వేరే చెప్పక్కర్లేదు. ఆ బెంగ మీదే పెద్ద వ్యాపారం లేచింది. హిందుస్థాన్ లీవర్ వాళ్ళు 1975లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' తెచ్చారు. నలభై అయిదేళ్ళ పాటు అదే పేరుతో ఇంటింటికీ వెళ్ళింది. నల్లగా ఉన్న అమ్మాయిని తక్కువ చేసి చూపే ప్రకటనలు వద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలిచ్చింది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ముసాయిదా బిల్లు తయారుచేసి, చర్మం తెల్లబడుతుందని ప్రచారం చేస్తే శిక్ష ఉండాలని ప్రతిపాదించింది. అదే ఏడాది జులైలో క్రీము పేరు 'గ్లో అండ్ లవ్లీ' అయింది.

మంచిదే. అయితే గమనించాల్సిందొకటుంది. 'ఫెయిర్' పోయిన చోట 'గ్లో' వచ్చింది, 'బ్రైటనింగ్' వచ్చింది, 'డీ-టాన్' వచ్చింది, 'స్పాట్‌లెస్' వచ్చింది. తెలుగు ప్రకటనల్లో 'తెలుపు' తగ్గి 'నిగారింపు', 'కాంతి' పెరిగాయి. చిక్కడపల్లిలో ఏ బ్యూటీ పార్లరుకైనా వెళ్ళి ధరల పట్టీ చూడండి, తెలుపనే మాట ఎక్కడా కనిపించకపోవచ్చు. కుర్చీలో కూర్చున్నాక "ఒక షేడ్ లైట్ అవుతారు మేడమ్" అంటారు! మాట మారింది, ఆశ మారలేదు. చట్టం మాటను పట్టుకోగలదు గానీ, అర్థం పక్క సందులోంచి తప్పించుకుపోతుంది.

అద్దడమా, రుద్దడమా

ఇంకో విషయం. మన క్రియాపదాలు ఎంత వివరమైనవో చూడండి. నూనె పట్టిస్తాం. నలుగు పెడతాం. పసుపు రాసుకుంటాం. గంధం పూస్తాం. పౌడరు అద్దుకుంటాం. కాటుక పెట్టుకుంటాం. బొట్టు దిద్దుకుంటాం. ఏది ఎంత తీసుకోవాలో, ఎంత ఒత్తిడితో రాయాలో, ఎంతసేపు ఉంచాలో ఆ క్రియలోనే ఉంది. వీటన్నిటి స్థానంలో ఇప్పుడొచ్చింది 'అప్లై చెయ్యడం'. (అశోక్ నగర్‌లోనైతే అప్లై అంటే ముందు గుర్తొచ్చేది నోటిఫికేషను, అది వేరే సంగతి.)

ఇదేదో భాషాభిమానులు బాధపడాల్సిన విషయమనుకుని వదిలేయకండి. డాక్టరు "రాత్రిపూట అప్లై చేయండి" అంటారు. ఇంటికొచ్చాక ఒకామె అద్దుతుంది, ఒకామె రుద్దుతుంది. మొటిమలకిచ్చే ట్రెటినాయిన్ లాంటి మందు ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు, అదీ పలచగా రాయాలి. వెన్నలా పట్టిస్తే రెండో రోజుకే ముఖం ఎర్రబడి, పొట్టు లేస్తుంది. సన్‌స్క్రీన్ సంగతి దీనికి తలకిందులు. దాన్ని బఠాణీ గింజంత రాసుకుంటే రాసుకోనట్టే. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండుకున్నంత కావాలి. బయట ఎండలో తిరిగితే రెండు గంటలకోసారి మళ్ళీ పూసుకోవాలి. ముప్ఫై రూపాయల సన్‌స్క్రీన్ ప్యాకెట్టు మూడు నెలలొచ్చిందని సంబరపడేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇక ఆయింటుమెంట్లకు చర్మవైద్యులు వాడే కొలత ఒకటుంది, ఇంట్లో గుర్తుంచుకోదగ్గది. మామూలు ట్యూబు నుంచి చూపుడువేలి పైగీత మొదలు కొస దాకా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. వంటింట్లో చిటికెడు, గుప్పెడు, దోసెడు అని కొలిచే మనకు ఈ 'వేలికొస' కొలత కొత్తగా నేర్చుకోవలసిన విద్యేమీ కాదు. ఎవరో ఒకరు ఆ మాట తెలుగులో చెప్పాలంతే.

ఎర్ర డబ్బాలో ఏముంది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మందుల షాపుల్లో చీటీ లేకుండా పట్టుకెళ్ళే 'ముఖం క్రీముల్లో' చాలావాటిలో ఉండేది స్టెరాయిడ్. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, ఇవీ పేర్లు. కొన్నిటిలో దీనికి తోడు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిపి ఉంటాయి. మంగుకు డాక్టరు కొద్ది వారాల పాటు, కనిపెట్టి చూస్తూ వాడించే మందది. దాన్ని ఫెయిర్‌నెస్ క్రీములాగా నెలలూ సంవత్సరాలూ రాసుకుంటేనే ముప్పు.

మొదట్లో మాయ చేస్తుంది. వాపునూ ఎరుపునూ అణచేస్తుంది, రక్తనాళాలను సంకోచింపజేస్తుంది. వారం తిరిగేసరికి ముఖం తేటపడుతుంది, హాస్టల్లో పక్కమంచం అమ్మాయి 'ఏం రాస్తున్నవే' అని అడుగుతుంది. ఇలా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. కొన్నాళ్ళకు చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు గుంపుగా వస్తాయి, నూగు వెంట్రుకలు పెరుగుతాయి, ఎండలోకి వెళితే మంట. సరే మానేద్దామని మానేస్తే ముఖం ఇంకా భగ్గుమంటుంది. రాస్తే తగ్గుతుంది గనుక మళ్ళీ రాస్తారు. మందే రోగమైపోయిందని తెలియదు. దీనికి మన దేశపు చర్మవైద్యులే ఇంగ్లీషులో ఒక పేరు పెట్టారు, 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్‌డ్ ఫేస్' అని. తెలుగులో పేరు లేదు. పేరు లేని జబ్బును ఎవరు గుర్తుపడతారు చెప్పండి? స్టెరాయిడ్‌కు దెబ్బతిన్న ముఖం అందాం, పోనీ.

ఇది ఎక్కడో ఒకరిద్దరి సమస్య అనుకోవడానికి లేదు. దేశంలోని 12 కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. అందులో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీములు రాస్తున్నవాళ్ళే. వాళ్ళలో సగానికి పైగా డాక్టరు చెప్పకుండా, స్నేహితులో షాపువాళ్ళో చెబితే మొదలుపెట్టినవాళ్ళు. ఆ తర్వాత చర్మవైద్యుల సంఘాలు ఏళ్ళ తరబడి మొత్తుకోగా, 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కింద చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. పెట్టె మీద 'ఆర్ఎక్స్' అనే గుర్తు, చీటీ ఉంటేనే అమ్మాలన్న హెచ్చరిక ఉండాలి. ఉంటున్నాయి కూడా, ఇంగ్లీషులో! నియమం ఢిల్లీలో ఉంది, హెచ్చరిక పెట్టె మీద ఉంది, కొనే అమ్మాయి మాత్రం రంగు చెప్పి కొంటోంది.

అమ్మేవాళ్ళందరినీ తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఎర్ర డబ్బా ఇవ్వనంటే పక్క షాపుకు వెళ్ళిపోతారని వాళ్ళ భయం వాళ్ళది. కానీ ఈ మందులో స్టెరాయిడ్ ఉందమ్మా, ఊరికే రాయకు అని ఒక్క మాట చెప్పడానికి ఖర్చేమీ లేదుగా?

రెండోది పాదరసం. ఇది మందుల షాపుల్లో కన్నా ఫాన్సీ షాపుల్లో, ఫోన్లలో వచ్చే ప్రకటనల్లో, ఎవరి తయారీయో తెలియని డబ్బాల్లో వచ్చే ప్రమాదం. పాదరసం చర్మంలో రంగు తయారీని అడ్డుకుంటుంది, అందుకే తెల్లబడినట్టు కనిపిస్తుంది. లోపలికి ఇంకి మూత్రపిండాల పని పడుతుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా తమ దగ్గరకొచ్చిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతి కేసులు పరిశీలించారు. మూత్రంలో ప్రొటీను పోయి కాళ్ళూ ముఖమూ వాచే కిడ్నీ జబ్బు అది. వాళ్ళలో 15 మందిది అరుదుగా కనిపించే ఒక రకం. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు రాసుకున్నామని చెప్పారు. అందం కోసం ముఖానికి రాస్తే కిడ్నీ దెబ్బతింటుందని ఎవరైనా ఊహిస్తారా?

మన 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం కంటికి వాడేవాటిలో తప్ప మిగతావాటిలో పాదరసం పది లక్షల్లో ఒక వంతుకు మించరాదు, అదీ కావాలని కలిపింది కాకూడదు. మినమాటా ఒప్పందంలో చేరిన దేశాలు 2023లో జెనీవాలో కూర్చుని, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటినీ 2025కల్లా ఆపేయాలని నిర్ణయించాయి. మన దేశం 2018లోనే ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. జపాన్‌లో సముద్రపు చేపలు తిని వేలమంది నరాలు చచ్చుబడిన ఊరు మినమాటా. పోటీ పరీక్షల పుస్తకంలో ఒక బిట్టుగా ఉన్న ఆ పేరు మన అలమారాలోని డబ్బాకు కూడా చుట్టమేనని కోచింగుల్లో చెబితే బాగుండును.

మూడోది చిన్నది, కానీ మన ఆడవాళ్ళకు బాగా దగ్గరిది. బొట్టుబిళ్ళ. నుదుటి మధ్యన సరిగ్గా బిళ్ళంత మేర చర్మం తెల్లబడుతుంది. ఇంట్లోవాళ్ళు బొల్లి అని బెంబేలెత్తుతారు, పెళ్ళి కావలసిన పిల్లయితే మరీను. కొన్ని బిళ్ళల జిగురులో వాడే పీటీబీపీ అనే రసాయనం అక్కడి రంగు కణాలను దెబ్బతీయడం వల్ల వచ్చే మచ్చది. ఒంటిమీద తనంతట తాను వచ్చే బొల్లి వేరు. మొదట్లోనే గుర్తుపట్టి బిళ్ళ మానేస్తే చాలామందికి అంతకు మించి పాకదు, కొందరికి రంగు తిరిగొస్తుంది. డాక్టరుకు చూపించకుండానే ఇంటిల్లిపాదీ ఆ పిల్లకు 'బొల్లి' అని పేరు పెట్టేస్తే, మచ్చ మానినా ఆ మాట మానదు. ఒక పదం ఎంత పని చేస్తుందో చూశారా!

తెలుగులో ఎందుకు ఉండదు?

డబ్బా మీద తెలుగు ఎందుకుండదన్నది ఇక మిగిలిన ప్రశ్న. పొట్లం కట్టి అమ్మే సరుకుల మీద ఉండాల్సిన వివరాలు దేవనాగరి లిపిలో హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతాయి. అదనంగా వేరే భాషలో వేసుకుంటే అభ్యంతరం లేదు. అంటే తెలుగు వేస్తే తప్పు కాదు, వేయకపోతే తప్పు అసలే కాదు. టీవీ ప్రకటన తెలుగులో తీయడానికి, గోడల మీద పెద్దక్షరాల తెలుగు రాయించడానికి, మన హీరోయిన్ల చేత తెలుగులో చెప్పించడానికి కంపెనీలకు డబ్బులుంటాయి. ఆశ తెలుగులో చెబుతారు, హెచ్చరిక ఇంగ్లీషులో రాస్తారు. నాకైతే ఇందులో చట్టం లోపం కన్నా మనం అడగకపోవడమే ఎక్కువ కనిపిస్తోంది.

మాటలు తయారుచేసుకోవడం మనకు చేతకాదా? నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పంతులుగారు నిజాం కాలంలో, 1928లో, ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి పెట్టించారు. అక్కడికి కూతవేటు దూరంలో హిమాయత్ నగర్‌లో 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. రసాయన శాస్త్రానికీ భౌతిక శాస్త్రానికీ పారిభాషిక పదకోశాలు తయారయ్యాయి. అయితే అవి పాఠ్యపుస్తకాల కోసం. ఆక్సిజనుకు ఆమ్లజని అని రాసినంత మాత్రాన మందుల షాపులో నిలబడ్డ పిల్లకు ఒరిగేదేమీ లేదు. ఆమెకు కావాల్సింది సంస్కృతం కలిపిన కొత్త పదం కాదు. 'దీనిలో స్టెరాయిడ్ ఉంది. డాక్టరు చెబితేనే, చెప్పినన్ని రోజులే రాయాలి.' ఇంతే! స్టెరాయిడ్ అన్న మాట అలాగే ఉండనివ్వండి, చుట్టూ ఉన్నది తెలుగైతే చాలు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఆహార్యం గురించి గంటసేపు ఉపన్యసించగల పెద్దలున్న ఊరు మనది. ఈ రెండు వాక్యాలు రాయించలేమా?

అంతదాకా చేయగలిగినవి కొన్నున్నాయి. పెట్టె తిప్పి చూడండి. పేరు చివర 'సోన్' అనిగానీ 'లోన్' అనిగానీ ఉందా, క్లోబెటసాల్ అని ఉందా, అనుమానించండి. మెర్క్యురీ, మెర్క్యురిక్, మెర్క్యురస్ క్లోరైడ్, కాలోమెల్ అన్న మాటలేవి కనిపించినా కింద పెట్టేయండి. అసలు తయారుచేసినవారి చిరునామా గానీ, లైసెన్సు నంబరు గానీ, లోపల ఏమున్నాయో జాబితా గానీ లేని డబ్బాను ముట్టుకోకండి. జాబితా ఉంటే, అది ఎక్కువ ఉన్నదాంతో మొదలై తక్కువ ఉన్నదాని వైపు నడుస్తుంది; ఒక శాతంలోపువి మాత్రం చివర ఏ వరసలోనైనా ఉండొచ్చు. కుంకుమపువ్వు పేరుతో అమ్మే క్రీములో ఆ కుంకుమపువ్వు ఎక్కడుందో ఈసారి వెతకండి, సరదాగా ఉంటుంది. బిల్లు అడిగి తీసుకోండి. మోసం అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయొచ్చు.

ఇప్పటికే స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాస్తున్నవాళ్ళు భయపడి ఒక్కసారిగా విసిరేసి ఊరుకోకండి, మంట తట్టుకోలేక మళ్ళీ కొనేస్తారు. చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి, దాన్నెలా మాన్పించాలో వాళ్ళకు తెలుసు. ప్రైవేటులో ఫీజు ఇచ్చుకోలేకపోతే ఉస్మానియా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోవాలి. వెళ్ళేటప్పుడు వాడిన ట్యూబు, దాని పెట్టె రెండూ బ్యాగులో వేసుకెళ్ళండి, అయిపోయిన ఖాళీదైనా సరే. డాక్టరుగారు ముందుగా అడిగేది ఏం రాశావమ్మా అనే. అప్పుడు ఎర్ర డబ్బా అని చెబితే ఆవిడకూ అర్థం కాదు.